అమ్మకి 76 ఏళ్ళు, ఎంత పీచు పెట్టినా మోషన్ అవ్వట్లేదు, ఏం చెయ్యాలి?

పెద్దకూతురు

అందరికీ నమస్కారం. అమ్మ నా దగ్గరే ఉంటుంది, 76 ఏళ్ళు. మలబద్ధకం ఎప్పట్నుంచో కొంచెం ఉంది కానీ ఈ ఆరు నెలల్లో బాగా ముదిరింది. నాలుగు రోజులకోసారి, ఒక్కోసారి ఆరో రోజుకి అవుతుంది, అది కూడా గట్టిగా చిన్న చిన్న ఉండల్లాగా. బాత్రూమ్‌లో ముప్పావు గంట కూర్చుంటుంది, బయటికొచ్చేసరికి చెమటలు పట్టేసి నీరసంగా మంచమెక్కేస్తుంది. మొన్న ముక్కీ ముక్కీ లేవబోతే కళ్ళు తిరిగి తలుపు పట్టుకుందంట, ఆ మాట కూడా నాకు రెండ్రోజుల తర్వాత చెప్పింది.

నేను చదివిందల్లా పీచు పెంచమనే కదా, అందుకని పండ్లు, కూరగాయలు, ఓట్స్, గోధుమ పొట్టు అన్నీ ఒకేసారి మొదలుపెట్టాను, రాత్రి పడుకునే ముందు ఇసబ్గోల్ రెండు చెంచాలు కూడా ఇస్తున్నా. నెల అయింది. తగ్గకపోగా కడుపు ఉబ్బి రాయిలా ఉంటోంది, గ్యాస్‌తో అల్లాడుతోంది, ఇప్పుడు తిండే తగ్గించేసింది. తింటే మళ్ళీ బాత్రూమ్ కష్టం కదమ్మా అంటుంది. ఆ మాట వింటే నాకు ఏడుపొస్తోంది. నేనేం తప్పు చేస్తున్నానో ఎవరైనా చెప్పండి ప్లీజ్. ఇంకా పీచు పెంచాలా?

నాన్నతో_నేను

మా నాన్నకి 81, ఇదే బాధ మూడేళ్ళు పడ్డాం కాబట్టి చెప్తున్నా. ముందు ఆ పీచు పెంచడం ఆపండి మేడమ్. పీచు పని చేసేది నీళ్ళు పీల్చుకుని ఉబ్బడం వల్లే కదా, లోపల నీళ్ళు లేకుండా పీచు మాత్రమే పంపిస్తే అది అక్కడే కూర్చుంటుంది. అమ్మగారు రోజుకి ఎన్ని గ్లాసులు తాగుతున్నారో ఒక్కసారి లెక్కపెట్టండి, అడగొద్దు, లెక్కపెట్టండి. మా నాన్న తాగుతున్నా తాగుతున్నా అనేవాడు, నేను ఒక సీసా నింపి పక్కన పెట్టి సాయంత్రం చూస్తే సగం కూడా ఖాళీ అవ్వలేదు. వయసు మీద పడ్డాక దాహం సరిగ్గా తెలీదంట, వాళ్ళు అబద్ధం చెప్పట్లేదు, నిజంగానే వాళ్ళకి తాగాలనిపించదు.

ఇంకోటి, ఇసబ్గోల్ పడుకునే ముందు వద్దు. పెద్ద గ్లాసు నిండా నీళ్ళలో కలిపి వెంటనే తాగాలి, పైన ఇంకో గ్లాసు తాగాలి, మెలకువగా తిరిగే టైములో. కొంచెం నీళ్ళతో మింగితే గొంతులోనే ఉబ్బి ఇరుక్కునే ప్రమాదం ఉంది. మింగడం కష్టమయ్యే వాళ్ళకైతే అసలు ఇవ్వకూడదు.

వార్డు_నర్సు

పెద్దకూతురు గారూ, నేను వృద్ధుల వార్డులో చాలా ఏళ్ళుగా పని చేస్తున్నాను. మీరు తప్పు చేశారని అనుకోకండి, దాదాపు అందరూ పీచుతోనే మొదలుపెడతారు. కానీ పెద్దవాళ్ళ విషయంలో నేను పీచు గురించి అడిగేది చివర్లో. ముందు అడిగేది మాత్రల డబ్బా గురించి.

అమ్మగారు వాడే మందులన్నీ, డాక్టర్ రాసినవీ మీ అంతట మీరు కొన్నవీ, ఒక కాగితం మీద రాయండి. ఆరు నెలల్లో ఎక్కువైంది అన్నారు కదా, ఆ ఆరు నెలల కింద కొత్తగా ఏ మాత్ర మొదలైందో గుర్తు తెచ్చుకోండి. నొప్పులకి ఇచ్చే ట్రమడాల్, కోడీన్ లాంటివి పేగు కదలికనే మందగింపజేస్తాయి, ఇందులో చిన్న డోసు కూడా పెద్దవాళ్ళని ఇబ్బంది పెడుతుంది. ఐరన్ మాత్రలు, కాల్షియం మాత్రలు, అల్యూమినియం ఉన్న యాంటాసిడ్లు. బీపీ మందుల్లో కొన్ని, ముఖ్యంగా వెరాపమిల్. నీరు పోవడానికి ఇచ్చేవి ఒంట్లో నీళ్ళు తగ్గించి మలాన్ని గట్టిపరుస్తాయి. మూత్రం ఆపుకోలేని సమస్యకి ఇచ్చే ఆక్సీబ్యుటినిన్, నిద్రకో నరాల నొప్పికో ఇచ్చే అమిట్రిప్టిలిన్, జలుబుకి కొనుక్కునే పాతకాలపు అలెర్జీ మాత్రలు, ఇవన్నీ పేగుని బద్ధకస్తురాల్ని చేసేవే. ఒక్కొక్కటీ చిన్నదే, మూడు నాలుగు కలిస్తే అప్పుడు వస్తుంది కష్టం. కానీ మీ అంతట మీరు ఏదీ ఆపకండి, లిస్టు పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళి ఇందులో ఏది మార్చొచ్చు, ఏది తగ్గించొచ్చు అని అడగండి. థైరాయిడ్ తక్కువగా ఉన్నా, షుగర్ ఎక్కువ కాలంగా ఉన్నా, ఒంట్లో కాల్షియం పెరిగినా, పొటాషియం తగ్గినా, పార్కిన్సన్స్ మొదలవుతున్నా మలబద్ధకం వస్తుంది, కాబట్టి ఆ రక్త పరీక్షల మాట కూడా అడగండి.

ఇంకో ప్రశ్న, సిగ్గుపడకుండా చెప్పండి. మధ్యలో ఎప్పుడైనా నీళ్ళలాగా కొంచెం కొంచెం కారడం, లోదుస్తులకి అంటడం జరుగుతోందా?

పాతమందు

ఇంత ఆలోచించడం ఎందుకండీ, ఒక పెద్ద చెంచా ఆముదం పట్టించండి, లేదంటే మెడికల్ షాపులో ఎనిమా దొరుకుతుంది తెచ్చి పెట్టేయండి, పొద్దున్నకి క్లియర్. మా పెద్దమ్మకి ఇలాగే చేస్తాం. పారఫిన్ ఆయిల్ కూడా బాగా పనిచేస్తుంది, పడుకునేటప్పుడు ఇస్తే తెల్లారేసరికి జారిపోతుంది.

వార్డు_నర్సు

పాతమందు గారూ, మీ పెద్దమ్మగారికి మేలు చెయ్యాలనే మీరు ఇస్తున్నారు, కానీ దయచేసి ఆ పారఫిన్ మాత్రం రాత్రిపూట ఇవ్వడం ఈ రోజే ఆపండి. పడుకుని ఉన్న పెద్దవాళ్ళకి ఆ నూనె గొంతులోంచి ఊపిరితిత్తుల్లోకి జారితే ఒక రకం న్యుమోనియా వస్తుంది, దగ్గు కూడా పెద్దగా రాకుండా నెమ్మదిగా ముదురుతుంది. ఫాస్ఫేట్ ఉన్న ఎనిమాలు పెద్దవాళ్ళలో, కిడ్నీ సరిగ్గా లేనివాళ్ళలో రక్తంలో ఉప్పుల లెక్క తలకిందులు చేస్తాయి, ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలున్నాయి. మెగ్నీషియం ఉన్న మిల్క్ ఆఫ్ మెగ్నీషియా లాంటివి కూడా కిడ్నీ తెలీకుండా ఇవ్వకూడదు. ఆముదం ఒక్కసారిగా విరేచనాలు పట్టించి నీళ్ళు లాగేస్తుంది, ఆ నీరసంలో లేచి బాత్రూమ్‌కి పరిగెత్తి పడిపోతే తుంటి ఎముక విరుగుతుంది. ఎనిమా అవసరమయ్యే రోజులు ఉంటాయి, కాదనను, కానీ ఏది, ఎంత అనేది చూసిన డాక్టర్ చెప్పాలి.

పెద్దకూతురు

అందరికీ చాలా థాంక్స్. నర్సు గారూ, మీ ప్రశ్న చదివి నాకు చేతులు చల్లబడ్డాయి. అవునండీ, పది రోజులుగా రోజుకి రెండు మూడు సార్లు నీళ్ళలాగా కొంచెం అంటుతోంది. మేము విరేచనాలు మొదలయ్యాయనుకుని లోపెరమైడ్ రెండు రోజులు ఇచ్చాం!! ఇది అమ్మ నాకు చెప్పలేదు, బట్టలు ఉతుకుతుంటే చూశాను, అడిగితే మొహం తిప్పుకుంది.

మందుల లిస్టు రాశాను. మోకాళ్ళ నొప్పికి ట్రమడాల్ కలిసిన మాత్ర రోజుకి రెండు, కరెక్ట్‌గా ఆరు నెలల కిందే మొదలైంది. రక్తం తక్కువుందని ఐరన్. కాల్షియం. బీపీకి ఒకటి, దానితో పాటు నీరు పోయే మాత్ర. ఇంకా నిద్రకి అమిట్రిప్టిలిన్ చిన్నది. నీళ్ళు కూడా నిన్న లెక్కపెట్టాను, మొత్తం కలిపి మూడు గ్లాసులు. సాయంత్రం నాలుగు తర్వాత చుక్క కూడా ముట్టదు, ఎందుకమ్మా అంటే రాత్రి లేవాల్సొస్తే పడిపోతానని భయం, నిన్ను నిద్ర లేపడం ఇష్టం లేదు అంది. ఇన్నాళ్ళూ ఒక్కసారి కూడా ఈ ప్రశ్న అడగలేదు నేను.

వార్డు_నర్సు

అమ్మా, రేపే డాక్టర్‌కి చూపించండి, ఆగకండి. నాకు అనుమానం ఏంటంటే కింద గట్టిపడిన మలం అడ్డంగా పేరుకుపోయి ఉంటుంది, దాని పక్క సందుల్లోంచి పైనున్న పల్చటిది కారుతోంది. చూడ్డానికి విరేచనాల్లా ఉంటుంది కానీ అసలు జబ్బు దానికి పూర్తిగా వ్యతిరేకం, అందుకే విరేచనాలు ఆపే మందు ఇస్తే ఇంకా బిగుస్తుంది. లోపెరమైడ్ ఆపేయండి, ఇసబ్గోల్, గోధుమ పొట్టు కూడా చూపించే వరకూ ఆపేయండి. లోపల అడ్డం ఉన్నప్పుడు పైనుంచి పీచు పంపడం ట్రాఫిక్ జామ్‌లోకి ఇంకో పది లారీలు పంపినట్టే. డాక్టర్ మలద్వారంలో వేలితో పరీక్ష చేస్తే రెండు నిమిషాల్లో తెలుస్తుంది, ఆ పరీక్ష చెయ్యకపోతే మీరే అడగండి, మొహమాటం వద్దు. అడ్డం కాకపోతే ఆ కారడానికి వేరే కారణం ఏంటో కూడా అప్పుడే తేలుతుంది.

కడుపు నొప్పి తీవ్రంగా ఉండి వాంతులవుతుంటే, గ్యాస్ కూడా పోకుండా ఉంటే రేపటిదాకా కూడా ఆగొద్దు, వెంటనే ఎమర్జెన్సీకి. మలంలో రక్తం, తారులా నల్లగా రావడం, బరువు తగ్గిపోవడం, ఇవి ఉంటే కూడా చెప్పండి. ఐరన్ వాడేవాళ్ళకి మలం నల్లగానే వస్తుంది కాబట్టి ఐరన్ వాడుతున్నామని గుర్తు చేయండి. అలాగే ఐరన్ ఇచ్చారు అంటే రక్తం ఎందుకు తగ్గిందో ఎవరైనా చూశారా అని అడగండి, ఈ వయసులో రక్తహీనత, మోషన్ అలవాటులో మార్పు రెండూ కలిస్తే పెద్దపేగుని ఒకసారి చూడాల్సి రావచ్చు. భయపెట్టడానికి కాదు, అడగకపోతే ఎవరూ చూడరని చెప్తున్నా.

ఫిజియో_పని

నేను ఫిజియోథెరపిస్టుని, మందుల సంగతి నర్సు గారు చెప్పేశారు కాబట్టి నాకు తెలిసిన భాగం చెప్తా, అడ్డం తీసేశాక పనికొస్తుంది. బాత్రూమ్‌లో ముప్పావు గంట కూర్చోవడం మంచిది కాదండీ, మొలలకి అదే దారి, పైగా ఊపిరి బిగబట్టి ముక్కినప్పుడు బీపీ ఒక్కసారి పడి లేస్తుంది, అమ్మగారికి కళ్ళు తిరిగింది అందుకే అయ్యుండొచ్చు. పది నిమిషాలు, అంతే, రాకపోతే లేచి వచ్చేయమనండి, మళ్ళీ అనిపించినప్పుడు వెళ్ళొచ్చు.

కూర్చునే తీరు చాలా ముఖ్యం. వెస్ట్రన్ కమోడ్ మీద నిటారుగా కూర్చుంటే మలద్వారం దగ్గర ఒక కండరం కొక్కెంలా పట్టి పేగుని వంచి ఉంచుతుంది. పాదాల కింద ఒక అడుగు లోపు ఎత్తున్న గట్టి పీట పెట్టండి, మోకాళ్ళు తుంటి కంటే పైకి రావాలి, కొంచెం ముందుకి వంగి మోచేతులు తొడల మీద ఆన్చాలి, అప్పుడు ఆ కండరం వదులై దారి తిన్నగా అవుతుంది. పీట జారకూడదు, పక్కన పట్టుకోవడానికి కడ్డీ ఉండాలి, మోకాళ్ళ నొప్పి ఉంది కాబట్టి పీట తక్కువ ఎత్తుతో మొదలుపెట్టండి. ముక్కకుండా పొట్టని ముందుకి ఉబ్బించి నోటితో మెల్లగా ఊపిరి వదలమనండి.

టైము కూడా. ఏదైనా తిన్నాక కడుపు నిండగానే పెద్దపేగు కదలడం మొదలుపెడుతుంది, అది పొద్దున టిఫిన్ తర్వాత బలంగా ఉంటుంది. కాబట్టి టిఫిన్, ఒక కప్పు వేడిగా ఏదైనా, ఆ తర్వాత ఇరవై ముప్ఫై నిమిషాలకి, వచ్చినా రాకపోయినా రోజూ అదే టైముకి కూర్చోబెట్టండి. ఆ టైములో బాత్రూమ్ ఖాళీగా ఉండాలి, బయట ఎవరూ తలుపు కొట్టకూడదు. చాలామంది పెద్దవాళ్ళు వచ్చినప్పుడు ఆపుకుంటారు, ఇంట్లో వాళ్ళ హడావిడి చూసి, ఇంకొకరి సాయం అడగలేక. ఆపుకున్న కొద్దీ పేగు ఆ మలంలోంచి నీళ్ళు పీల్చుకుంటూనే ఉంటుంది, సాయంత్రానికి రాయి అవుతుంది.

నడక ఎంత వీలైతే అంత, ఇంట్లోనే పది నిమిషాలు రెండు సార్లయినా పర్లేదు. ఇవన్నీ చేసినా మలం మెత్తగా ఉండి కూడా బయటికి రాకపోతే, మలద్వారం దగ్గరి కండరాలు వదలాల్సిన టైములో బిగుస్తున్నాయేమో అని చూడాలి, దానికి బయోఫీడ్‌బ్యాక్ అని, ఆ కండరాల్ని వదులు చెయ్యడం నేర్పే శిక్షణ ఉంది, మందు కంటే అదే బాగా పని చేస్తుంది.

నాన్నతో_నేను

రాత్రి భయం గురించి మా ఇంట్లో చేసింది చెప్తా. నీళ్ళ లెక్కంతా పొద్దున లేచినప్పట్నుంచి సాయంత్రం అయిదు లోపు పూర్తి చేసేస్తాం, మాత్రలేసుకునే ప్రతిసారీ నిండు గ్లాసు, ఆ తర్వాత గుక్కెడు గుక్కెడు. మంచం పక్కనే కమోడ్ కుర్చీ, దారిలో చిన్న లైటు. నీరు పోయే మాత్ర పొద్దున్నే వేసుకోవచ్చా అని డాక్టర్‌ని అడిగాం, ఒప్పుకున్నారు. కానీ గుండె బలహీనత, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళకి నీళ్ళకి లిమిట్ పెడతారు, మీ అమ్మగారు నీరు పోయే మాత్ర వాడుతున్నారు కాబట్టి ఎన్ని గ్లాసులు తాగొచ్చో తప్పకుండా అడిగి పెంచండి.

అలాగే పళ్ళు చూశారా? నాన్నకి కట్టుడు పళ్ళు వదులై నమలలేక మెత్తటివే తినేవాడు, మెత్తటి వాటిల్లో పీచు ఎక్కడుంటుంది. పళ్ళు సరిచేయించాక తిండే మారిపోయింది.

పెద్దకూతురు

అయిదు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. నర్సు గారు చెప్పిందే నిజమైంది. డాక్టర్ గారు వేలితో చూసి కింద నిండా గట్టిపడి ఉందన్నారు, అక్కడే నర్సమ్మ సాయంతో రెండు విడతల్లో తీశారు, తర్వాత మలాన్ని మెత్తబరిచే పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి నీళ్ళలో కలిపి కొన్ని రోజులు ఎక్కువ డోసులో ఇచ్చారు. ఆ కారడం మూడో రోజుకి ఆగిపోయింది. ట్రమడాల్ మాత్ర మెల్లగా తగ్గించి ఆపించారు, నొప్పికి పారాసిటమాల్, మోకాలికి పూత మందు, వ్యాయామం. నిద్ర మాత్ర తగ్గిస్తున్నారు. ఐరన్ రోజు విడిచి రోజు చేశారు. రక్తం ఎందుకు తగ్గిందని అడిగాను, పరీక్షలు రాశారు, పెద్దపేగు పరీక్షకి వచ్చే వారం వెళ్తున్నాం. థైరాయిడ్ నార్మల్ వచ్చింది. నీళ్ళు ఎనిమిది గ్లాసుల వరకు పర్లేదన్నారు.

పీట, టిఫిన్ తర్వాత టైము, కమోడ్ కుర్చీ అన్నీ పెట్టాం. రెండు వారాల తర్వాతే పీచు మళ్ళీ మొదలుపెట్టాను, ఈసారి చాలా మెల్లగా. గోధుమ పొట్టు పూర్తిగా మానేశాను. తొక్కతో ఆపిల్ ఉడికించి ఒకటి, కూరగాయలు తురిమి బాగా మెత్తగా, పొట్టు తియ్యని పప్పు. ఇప్పుడు వారానికి నాలుగైదు సార్లు అవుతోంది, ముక్కకుండా. నిన్న రెండో గిన్నె పప్పు అడిగి పెట్టించుకుంది, నేను వంటింట్లోకెళ్ళి కళ్ళు తుడుచుకున్నా.

ఒక డౌట్. ఆ పొడి ఎన్నాళ్ళు వాడొచ్చు, అలవాటైపోతే పేగు పనిచెయ్యడం మానేస్తుందని మా బంధువులు భయపెడుతున్నారు, ఆపేయమంటున్నారు. ప్రూన్స్ (ఎండు ఆల్‌బుకరా పండ్లు), కివీ మంచివంటారు, నిజమేనా?

వార్డు_నర్సు

ఎంత మంచి మాట చెప్పారమ్మా. ఆ పొడి గురించి భయపడకండి, అది పేగుని కొట్టి పరిగెత్తించదు, నీళ్ళని మలంలోనే పట్టి ఉంచుతుంది అంతే. డాక్టర్ చూస్తూ ఉంటే నెలల తరబడి వాడేవాళ్ళున్నారు. బంధువులు చెప్పారని ఒక్కసారిగా ఆపేస్తే మళ్ళీ పేరుకుపోతుంది, తగ్గించాలనుకుంటే డాక్టర్‌తో మాట్లాడి కొంచెం కొంచెంగా. సెన్నా, బిసకోడిల్ లాంటి పేగుని కదిలించే మందుల గురించి కూడా బద్ధకపు పేగు అని ఒక భయం ఉంది, మామూలు డోసులో వాటివల్ల పేగు పాడవుతుందనడానికి గట్టి ఆధారం లేదు, అలాగని చూపించకుండా పెంచుకుంటూ పోవడం మంచిది కాదు.

ప్రూన్స్ నిజంగా పనిచేస్తాయి, పీచుతో పాటు సార్బిటాల్ అనే చక్కెర ఉంటుంది, అది పేగులోకి నీళ్ళు లాగుతుంది. 2011లో వచ్చిన ఒక పరిశోధనలో రోజుకి రెండు పూటలా 50 గ్రాముల చొప్పున ప్రూన్స్ తిన్నవాళ్ళకి ఇసబ్గోల్ కంటే మెరుగ్గా ఉంది. అమ్మగారికి అంత అక్కర్లేదు, మూడు నాలుగు నానబెట్టి మొదలుపెట్టండి, ఎక్కువైతే గ్యాస్ వస్తుంది, షుగర్ ఉంటే లెక్కలో వేసుకోవాలి. ఆకుపచ్చ కివీ రోజుకి రెండు కూడా బాగా పనిచేస్తాయి, కడుపు ఉబ్బరం తక్కువ. రెండింట్లోనూ పొటాషియం ఉంటుంది కాబట్టి కిడ్నీ రిపోర్టు ఒకసారి చూసుకోండి. మొత్తం పీచు రోజుకి 25 గ్రాముల దాకా తీసుకెళ్ళాలి కానీ వారానికి అయిదు గ్రాముల కంటే వేగంగా వద్దు. ఒక ఆపిల్ తొక్కతో నాలుగు గ్రాములు, పొట్టు పప్పు ఉడికినది ఒక కప్పులో 15 దాకా ఉంటుంది, కాబట్టి మీరు ఇప్పటికే సగం దారి పైగా వచ్చేశారు.

క్యాలెండర్ మీద మోషన్ అయిన రోజు టిక్కు పెట్టండి, గట్టిగానా మెత్తగానా అని ఒక మాట రాయండి. మూడు రోజులు టిక్కు లేకపోతే ఏం చెయ్యాలో డాక్టర్‌ని ముందే అడిగి పెట్టుకోండి, ఆరో రోజుదాకా వెళ్ళనివ్వకండి.

పెద్దకూతురు

క్యాలెండర్ ఈ రోజే అమ్మ గదిలో తగిలించాను. పెన్ను మాత్రం తన దగ్గరే ఉంచుకుంటానంది, నేనే పెట్టుకుంటాను టిక్కు అని. పేగు పరీక్ష అయ్యాక రిపోర్ట్ ఏం వచ్చిందో ఇక్కడే రాస్తాను.